రెడింగ్‌లో పాత ఇంటి బ్యాక్ బాయిలర్: మూడు కొటేషన్ల మీద నా సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఇంగ్లాండులోని రెడింగ్‌లో 1970ల నాటి మూడు బెడ్‌రూముల సెమీ (ఒక పక్క గోడ పక్కింటితో కలిసిన ఇల్లు) కొన్నారు. హాల్లో గ్యాస్ ఫైర్, దాని వెనక చిమ్నీలో బ్యాక్ బాయిలర్, పైన కప్‌బోర్డులో వేణ్ణీళ్ళు నిలవ ఉండే రాగి సిలిండర్, లాఫ్ట్‌లో, అంటే కప్పు కింది అటక మీద, రెండు నీళ్ళ ట్యాంకులు. ముగ్గురు వచ్చి చూసి మూడు రకాలుగా చెప్పారు. ఒకాయన 30 కిలోవాట్ల కాంబి (సిలిండర్ లేకుండా, కుళాయి తిప్పినప్పుడే నీళ్ళు వేడిచేసే బాయిలర్), ఒక్క రోజులో పని అయిపోతుంది అన్నారు. రెండో ఆయన సిలిండర్ ఉంచుకుని వేరే బాయిలర్ పెట్టుకోండి అన్నారు, ఖర్చు ఎక్కువ. మూడో ఆయన ఇంకో పదేళ్ళు నడుస్తుంది, కదపకండి అన్నారు. నవంబరులో రాజమండ్రి నుంచి అమ్మగారు ఆర్నెల్లకి వస్తున్నారు, ఈలోగా ఏం చెయ్యాలి అని.

నేను ఈ దేశంలో గ్యాస్ పని మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళు దాటింది. బ్యాక్ బాయిలర్లు తీసిన ఇళ్ళ లెక్క ఎప్పుడో మరిచిపోయాను. ముందు మూడో ఆయన మాట తీసుకుంటాను. ప్రాణానికి సంబంధించిన సంగతి అందులోనే ఉంది.

మన ఊళ్ళో ఇలాంటిది ఉండదు కాబట్టి చాలామందికి ఇది ఎలా పనిచేస్తుందో తెలియదు. ముందు కనిపించే ఫైర్ గదిని వేడి చేస్తుంది. దాని వెనక, ఒకప్పుడు బొగ్గు పొయ్యి ఉండే గూట్లో, ఇంకో బర్నర్ ఉంటుంది. రేడియేటర్లకీ వేణ్ణీళ్ళకీ అదే ఆధారం. రెండింటి పొగా చిమ్నీ లోపల దింపిన ఒకే లోహపు గొట్టం (లైనర్) గుండా పైకి పోతుంది. కొత్త బాయిలర్లలో ఫ్యాన్ ఉంటుంది, బయట గాలిని పీల్చి బయటికే వదులుతుంది, గదితో దానికి సంబంధం లేదు. మీ దాంట్లో ఫ్యాన్ లేదు. మండడానికి కావలసిన గాలి మీరు కూర్చునే హాల్లోంచే తీసుకుంటుంది. పొగ తనంతట తాను వేడికి తేలి పైకి పోవాలి. పోకపోతే హాల్లోకే వస్తుంది.

అందుకే గోడకి ఒక జల్లెడలాంటి కన్నం పెట్టి ఉంటుంది చూడండి. చలికాలంలో అందులోంచి చల్లగాలి కాళ్ళకి తగులుతుంది, అది చూసి ఎవరికైనా మూసెయ్యాలనిపిస్తుంది. కొన్నేళ్ళ క్రితం మనవాళ్ళింటికి సర్వీసుకి వెళ్ళాను. కోడలు చెప్పింది, అత్తగారికి రోజూ సాయంత్రం తలనొప్పి, వికారం, ఇక్కడి చలి పడలేదనుకుంటున్నాం అని. ఆవిడ పగలంతా ఫైర్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారట. నేను తలుపులూ కిటికీలూ మూయించి, ఫైరూ బాయిలరూ రెండూ వెలిగించి, కాసేపాగి, ఫైర్ పై అంచు దగ్గర పొగపుల్ల (పరీక్ష కోసం పొగ వదిలే అగ్గిపుల్ల లాంటిది) పట్టుకున్నాను. ఆ పొగ లోపలికి లాక్కోవాలి. మొదట లాక్కుంది. అప్పుడే వంటింట్లో తాలింపు వేస్తూ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేశారు. పుల్ల పొగ ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగి నా మొహం మీదికి వచ్చింది. సోఫా జరిపి చూస్తే గాలి కన్నంలో పాత నేత చీర ముక్క నాలుగు మడతలు పెట్టి కుక్కి ఉంది. గాలి వచ్చే దారి మూసేసి, వంటింటి ఫ్యాన్ ఇంట్లో గాలిని బయటికి లాగేస్తుంటే, ఆ లోటు చిమ్నీలోంచే తీరుతోంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు. నేను అక్కడికక్కడే గ్యాస్ ఆపి, ప్రమాదం అని చీటీ కట్టి, ఆ రాత్రి అందరినీ కరెంటు హీటర్లతో సర్దుకోమన్నాను. ఆ ఫైర్ మళ్ళీ వెలగలేదు. వారం తర్వాత ఫోన్ చేస్తే ఆవిడ తలనొప్పులు పోయాయన్నారు. ఆ చీర ముక్క నా కళ్ళముందు నుంచి ఇప్పటికీ పోలేదు.

అందుకే నవంబరులో అమ్మగారు వస్తున్నారని మీరు రాయగానే నా మనసు ఆ కన్నం మీదికే పోయింది. కొత్తది పెట్టించేదాకా ఈ నాలుగూ చెయ్యండి. సోఫాలూ కర్టెన్లూ జరిపి కన్నం బయటా లోపలా ఖాళీగా ఉందో లేదో ఈ రోజే చూడండి. ఈఎన్ 50291 అనే ప్రమాణం ముద్ర ఉన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం కొని ఆ గదిలోనే పెట్టండి, ఫైర్‌కి ఒక మీటరు నుంచి మూడు మీటర్ల దూరంలో. సీలింగ్‌కి పెడితే గోడకి 30 సెంటీమీటర్లు ఎడం ఉండాలి. గోడకి పెడితే తలుపులూ కిటికీల కన్నా ఎత్తున, సీలింగ్‌కి కనీసం 15 సెంటీమీటర్లు కింద. సర్వీసు ఏడాది దాటితే ఇప్పుడే చేయించండి, వచ్చినతన్ని వంటింటి ఫ్యాన్ నడుస్తుండగా కూడా పొగపుల్ల పరీక్ష చెయ్యమని అడగండి. మన వంటలకి ఆ ఫ్యాన్ ఎంతసేపు తిరుగుతుందో అతనికి తెలియకపోవచ్చు. మంట పసుపుగా, నిదానంగా ఊగుతున్నా, ఫైర్ చుట్టూ గోడకి మసి కనిపించినా, పైలట్ దీపం మాటిమాటికీ ఆరిపోతున్నా ఇక వెలిగించకండి. అలారం మోగితే గ్యాస్ ఆపి, కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చి 0800 111 999కి ఫోన్ చెయ్యండి. ఆ నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది. అమ్మగారికి కూడా ఫోన్లో పెట్టి చూపించండి.

మరి మూడో ఆయన అబద్ధం చెప్పారా అంటే, లేదు. బాగా సర్వీసు చేసిన బ్యాక్ బాయిలర్ గట్టి పిండమే. లోపల ఇనుప పోత, ఎలక్ట్రానిక్ బోర్డు లాంటివి లేవు. ఫైర్ కింద పలక తీస్తే పేరు కనిపిస్తుంది, బాక్సీ బెర్ముడా 45/4 అనో 51/4 అనో ఉండొచ్చు. ఆ 45 అంటే గంటకి 45 వేల బీటీయూలు (ఇక్కడి పాత వేడి కొలత), అంటే సుమారు 13 కిలోవాట్లు. కానీ కాల్చిన గ్యాస్‌లో మూడో వంతు దాకా వేడి చిమ్నీలోంచి ఆకాశానికే పోతుంది, పైగా పైలట్ దీపం ఎండాకాలం కూడా ఆరకుండా మండుతూనే ఉంటుంది. 2005 ఏప్రిల్ నుంచి ఇంగ్లాండు, వేల్స్‌లో కొత్తగా పెట్టే బాయిలర్ దాదాపు ఎప్పుడూ కండెన్సింగ్ రకమే, అంటే పొగలోని ఆవిరిని నీళ్ళుగా మార్చి ఆ వేడిని కూడా వాడుకునేదే, అయ్యుండాలనే నిబంధన వచ్చింది. అప్పటి నుంచి ఈ జాతి బాయిలర్ల కాలం చెల్లినట్టే. ఒక చలికాలం గడపడానికి అది సరిపోవచ్చు. పదేళ్ళు అన్నమాట మాత్రం నేను ఒప్పుకోను. అది ఆగిపోయేది జనవరిలోనే, అప్పుడు మీకు ఎంచుకునే తీరిక ఉండదు, ఎవరు రేపు రాగలిగితే వాళ్ళ మాటే వినాల్సి వస్తుంది.

ఇక మొదటి ఆయన, రెండో ఆయన. ఇక్కడ మీరు ధర పక్కనపెట్టి ముందు నీళ్ళ లెక్క చూసుకోవాలి.

మీ ఇంట్లో ఇప్పుడు నీళ్ళు రెండు దారుల్లో నడుస్తున్నాయి. వంటింటి చన్నీళ్ళ కుళాయికి వీధి పైపు నుంచి నేరుగా. వేణ్ణీళ్ళకి లాఫ్ట్‌లోని పెద్ద ట్యాంకు నుంచి సిలిండర్‌లోకి, అక్కడి నుంచి కుళాయిలకి. పై బాత్‌రూములో చన్నీళ్ళు కూడా ట్యాంకు నుంచే వస్తూ ఉండొచ్చు. మన మేడ మీద ట్యాంకు పద్ధతే అనుకోండి. ఇక్కడ సిలిండర్ అంటే మన గ్యాస్ బండ కాదు, వేణ్ణీళ్ళు నిలవ ఉండే రాగి డ్రమ్ము, మామూలు సైజుది సుమారు 115 లీటర్లు పడుతుంది. బాయిలర్ నుంచి దానికి వెళ్ళే లావు పైపుల్లో చాలా ఇళ్ళలో పంపు కూడా ఉండదు, వేడెక్కిన నీళ్ళు తేలిక కాబట్టి వాటంతటవే పైకి ఎక్కుతాయి. సిలిండర్‌కి థర్మోస్టాట్ ఉండదు, అందుకే నీళ్ళు ఒక్కోరోజు చెయ్యి కాలేంత వేడి.

కాంబి పెడితే ట్యాంకులు రెండూ, సిలిండరూ పోతాయి. కుళాయి తిప్పినప్పుడే నీళ్ళు వేడవుతాయి. ఎన్ని కావాలంటే అన్ని వస్తాయి, కానీ ఒక వేగంతోనే వస్తాయి. చలికాలంలో వీధి నీళ్ళు 5 డిగ్రీల దగ్గర ఉంటాయి. వాటిని 35 డిగ్రీలు పెంచి 40కి తేవాలంటే 30 కిలోవాట్ల కాంబి నిమిషానికి 12 లీటర్లు ఇస్తుంది, 24 కిలోవాట్లది పది లీటర్ల లోపు. మన లెక్కలో చెబితే 20 లీటర్ల బకెట్ నిండడానికి మొదటిదానికి నిమిషం నలభై సెకన్లు, రెండోదానికి రెండు నిమిషాలు. ఒక్క బాత్‌రూము, నలుగురు మనుషులు, ఒకరి తర్వాత ఒకరు స్నానం అంటే కాంబి హాయిగా సరిపోతుంది. పండగ రోజు పొద్దున్నే పైన ఒకరు తలంటు పోసుకుంటూ, కింద ఇంకొకరు అదే సమయానికి షవర్ తిప్పితే రెండూ నీరసిస్తాయి.

ఇదంతా వీధి పైపు అన్ని నీళ్ళు ఇస్తేనే. కొటేషన్ ఇచ్చిన ముగ్గురిలో ఒక్కరైనా బకెట్ పట్టారా? మీరు రాసినదాన్నిబట్టి లేదు. బయట తోట కుళాయి ఉంటే దాని దగ్గర, లేకపోతే వంటింటి చన్నీళ్ళ కుళాయి దగ్గర, పూర్తిగా తిప్పి, సరిగ్గా ఒక నిమిషం బకెట్‌లో పట్టి కొలవండి. పొద్దున ఏడున్నరకి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. పొద్దున వీధంతా స్నానాలు చేసేటప్పుడు వచ్చే అంకే మీ అసలు అంకె. అది 8 లీటర్లే అయితే 30 కాదు, 40 కిలోవాట్ల కాంబి పెట్టినా మీకు వచ్చేది 8 లీటర్లే. 15 దాటితే నిశ్చింతగా ఆలోచించవచ్చు.

ఇప్పుడు పైన షవర్ ఏ రకమో కూడా చూడండి. గోడమీద పెట్టెతో, తాడు లాగితే వెలిగే ఎలక్ట్రిక్ షవర్ అయితే అది ఉండొచ్చు. ట్యాంకు నీళ్ళని పంపుతో తోసే పవర్ షవర్ అయితే కాంబితో పనికిరాదు, దాన్ని తీసి మిక్సర్ పెట్టాలి. ఆ ఖర్చు మొదటి ఆయన కొటేషన్‌లో కనబడలేదు.

రెడింగ్ నీళ్ళు గట్టి నీళ్ళు, కెటిల్ అడుగున తెల్లగా పొర కట్టడం చూసే ఉంటారు. బోరు నీళ్ళకి మన గీజరు కాయిల్‌కి ఉప్పు పట్టినట్టే కాంబి లోపలి పలకల్లో సున్నం పడుతుంది. ఆ దారులు సన్నం, త్వరగా మూసుకుంటాయి. కాంబికి వెళ్తే చన్నీళ్ళు దానిలోకి వెళ్ళే పైపు మీద సున్నం పట్టకుండా ఆపే పరికరం ఏది పెడతారో అడిగి కొటేషన్‌లో రాయించుకోండి.

రెండో ఆయన చెప్పిన దారికి నేను ఎక్కువ మొగ్గుతాను, ఒక షరతు మీద. ఆ పాత రాగి డ్రమ్మునే ఉంచితే దండగ. బాగా ఇన్సులేషన్ ఉన్న కొత్త సిలిండర్, దానికి థర్మోస్టాట్, రేడియేటర్లకీ నీళ్ళకీ వేరువేరు వాల్వులు ఉండాలి, అన్నిటికీ పంపు నడవాలి. వీధి ఒత్తిడితో నడిచే అన్‌వెంటెడ్ సిలిండర్ అయితే లాఫ్ట్‌లో ట్యాంకులు అక్కర్లేదు, వీధి పైపు చాలినన్ని నీళ్ళు ఇస్తే రెండు స్నానాలు ఒకేసారి జరుగుతాయి. అది పెట్టేవాళ్ళకి జీ3 అనే, ఇలాంటి సిలిండర్ల పనికి ఇచ్చే అర్హత ఉండాలి, వేడి ఎక్కువైతే నీళ్ళు వదిలే పైపు బయటికి సురక్షితంగా తీయాలి. ఇంకో లాభం ఉంది. రేపెప్పుడైనా హీట్ పంపుకి (బయటి గాలిలోని వేడిని కరెంటుతో ఇంట్లోకి తెచ్చే యంత్రం) మారాలంటే సిలిండర్ కావాలి. ఇంగ్లాండు, వేల్స్‌లో బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ అనే ప్రభుత్వ పథకం కింద ఎయిర్ సోర్స్ హీట్ పంపుకి 7,500 పౌండ్ల గ్రాంటు ఉంది. మీరు ఎలాగూ ఇంత తవ్వకానికి సిద్ధపడుతున్నారు కాబట్టి ఎంసీఎస్ (హీట్ పంపులు పెట్టేవాళ్ళకి ఇచ్చే గుర్తింపు) సర్టిఫికెట్ ఉన్నవాళ్ళ దగ్గర దానికి కూడా ఒక కొటేషన్ తీసుకుని పక్కన పెట్టుకోండి. ఆ కప్‌బోర్డు ఖాళీ అయిందని అల్మరా చేసేసుకున్నవాళ్ళు తర్వాత సిలిండర్‌కి చోటు లేక ఇబ్బందిపడటం చూశాను.

ఒక్క రోజులో అయిపోతుంది అన్న మాట నన్ను బాగా కలవరపెట్టింది. పాత కాంబి తీసి కొత్త కాంబి పెట్టడం ఒక రోజు పని. బ్యాక్ బాయిలర్ అంటే నేనెప్పుడూ రెండు రోజులు తక్కువ చెప్పను, కొన్ని ఇళ్ళలో మూడు. ఎందుకో చెబుతాను.

గ్యాస్ పైపు ముందు. 13 కిలోవాట్ల బాయిలర్‌కి వేసిన సన్నపు పైపు 30 కిలోవాట్ల కాంబికి చాలదు. మీటరు నుంచి బాయిలర్ దాకా వచ్చేసరికి గ్యాస్ ఒత్తిడి 1 మిల్లీబార్ కన్నా ఎక్కువ పడిపోకూడదు. చాలా ఇళ్ళలో మీటరు దగ్గర నుంచే 22 మిల్లీమీటర్ల పైపు కొత్తగా లాగాలి. అది గోడ వెంబడి వస్తుందా, నేల కింద నుంచా, పైన కనబడుతుందా అని ముందే గీత గీసి చూపించమనండి. పైపు ఊసే లేకుండా ధర చెప్పారంటే, వచ్చిన రోజు అదనంగా అడుగుతారు, లేదా సన్నపు పైపు మీదే తగిలించేసి వెళ్ళిపోతారు. రెండోది మరీ చెడ్డది.

తర్వాత రేడియేటర్లు. ఇన్నాళ్ళూ మీ పైపులకి లాఫ్ట్‌లోని చిన్న ట్యాంకు బరువే ఒత్తిడి, అర బార్ లోపు. కొత్త పద్ధతిలో చల్లగా ఉన్నప్పుడే 1 నుంచి 1.5 బార్ ఉంటుంది. యాభై ఏళ్ళ నాటి అతుకులు కొన్ని ఆ ఒత్తిడికి ఓడిపోతాయి. మీ ఇంట్లో కింది నేల కాంక్రీటు అయితే, అందులో వేలంత లావు కూడా లేని సన్న రాగి గొట్టాలు పాతి ఉంటే, లీకు ఎక్కడో తెలియక నేల తవ్వాల్సి వస్తుంది. పని మొదలుపెట్టే ముందే ఆ సంగతి మాట్లాడుకోండి. రేడియేటర్ వేడిగా ఉన్నప్పుడు చెయ్యి పెట్టి చూడండి: పైన వేడి, కింద మధ్యలో చల్లగా ఉంటే లోపల తుప్పు బురద పేరుకుంది. పైన చల్లగా ఉంటే గాలి. బురద ఉంటే కడగకుండా కొత్త బాయిలర్ తగిలించకూడదు. నేను ఒక ఇంట్లో వాల్వు విప్పితే వచ్చిన నీళ్ళు దీపం మసి కలిపినట్టు నల్లగా, గిన్నెకి అయస్కాంతం ఆనిస్తే ఆ నలుపంతా ఒక పక్కకి జరిగింది. అది తుప్పే, ఇనుము. కడగడం, మ్యాగ్నెటిక్ ఫిల్టర్, తుప్పు పట్టకుండా మందు, ఈ మూడూ కొటేషన్‌లో అక్షరాలా ఉండాలి.

చిమ్నీ సంగతి. ఆ ఫైర్ బ్యాక్ బాయిలర్‌కి జోడీగా తయారైంది, ఒకటి తీసి ఒకటి ఉంచడానికి లేదు. కాబట్టి అమ్మగారు వచ్చేసరికి హాల్లో ఫైర్ ఉండదు, అక్కడి రేడియేటర్ చాలినంత పెద్దదా అని లెక్క కట్టించండి. ఇది చాలామంది మరిచిపోతారు. గూట్లోకి వచ్చే గ్యాస్ పైపుని అక్కడే బిరడా పెట్టి వదిలెయ్యకుండా వెనక్కి మొదలు దాకా తీయించండి. 1970ల ఇళ్ళలో లోపలి తాళ్ళు, అట్టలు, పాత సిమెంటు పొగ గొట్టాల్లో ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదమైన నార) ఉండే అవకాశం ఉంది. ఈ దేశంలో దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లో. ఆదివారం మీరే సుత్తి తీసుకుని ఆ గూడు పగలగొట్టకండి. తీశాక చిమ్నీ పైన వాన పడని, గాలి ఆడే టోపీ పెట్టాలి. కింద మూసిన గోడకి చిన్న జల్లెడ కన్నం ఉంచాలి, లేకపోతే ఒకటి రెండు శీతాకాలాలకే ఆ గోడకి చెమ్మ మరక వస్తుంది. గదికి గాలి ఇచ్చే ఆ పాత కన్నం వేరు. హాల్లో గ్యాస్ మండేది ఏదీ లేకపోతే దాన్ని అప్పుడు మూసుకోవచ్చు. ఎప్పుడైనా ఆ గూట్లో కట్టెల పొయ్యి పెట్టుకోవాలనుకుంటే, లోపల పాత బాయిలర్ ముక్క ఏదీ మిగలకూడదు. బొగ్గు పొయ్యిల కాలపు బ్యాక్ బాయిలర్లని నీళ్ళతో సహా బిరడాలు బిగించి వదిలేస్తే, తర్వాత ఎవరో పొయ్యి వెలిగించినప్పుడు పేలి మనుషులు పోయిన ఉదంతం ఇక్కడ ఉంది.

కొత్త కండెన్సింగ్ బాయిలర్‌లో ఆవిరి చల్లబడి కారే నీళ్ళ పైపు వీలైనంత ఇంట్లోనే డ్రెయిన్‌లోకి పోవాలి. బయట నడపక తప్పకపోతే 32 మిల్లీమీటర్లకి తగ్గకుండా, వాలుగా, ఇన్సులేషన్ వేసి. 2010 డిసెంబరు చలికి సన్న పైపుల్లో ఆ నీళ్ళు గడ్డకట్టి ఎన్ని ఇళ్ళలో బాయిలర్లు ఆగిపోయాయో ఇక్కడున్న పాతవాళ్ళకి గుర్తే. పెట్టాక రేడియేటర్లకి వెళ్ళే నీళ్ళ వేడి 75 మీద వదిలెయ్యకండి. తిరిగొచ్చే నీళ్ళు 55 డిగ్రీల లోపు ఉంటేనే కండెన్సింగ్ లాభం దక్కుతుంది. 60 దగ్గర మొదలుపెట్టి ఇల్లు వెచ్చబడుతుందో లేదో చూసుకుని ఇంకా తగ్గించండి. కాంబి అయితే ఇంగ్లాండులో 2018 ఏప్రిల్ నుంచి టైమరూ థర్మోస్టాట్ కాక వెదర్ కంపెన్సేషన్ (బయటి చలినిబట్టి బాయిలర్ వేడిని తానే సర్దుకోవడం) లాంటి అదనపు ఏర్పాటు ఒకటి తప్పనిసరి, అది ఏదో కొటేషన్‌లో అడగండి.

చివరగా మనవాళ్ళతో ఎప్పుడూ చెప్పేదే మీకూ చెబుతున్నాను. మన వాట్సాప్ గ్రూపుల్లో "తెలిసినతను, సగం ధరకి చేస్తాడు" అని నంబర్లు తిరుగుతుంటాయి. 2009 ఏప్రిల్ 1 నుంచి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్నవాళ్ళే ఈ పని చెయ్యాలి, అంతకుముందున్న కార్గి రిజిస్టర్ కార్డు ఇప్పుడు చెల్లదు. కార్డు ముందు ఫొటో, గడువు చూసి ఆగకండి, వెనక్కి తిప్పండి. ఏయే పనులకి అర్హత ఉందో వెనకే రాసి ఉంటుంది. కుక్కర్ ఒక్కటే ఉన్నతను బాయిలర్ ముట్టుకోకూడదు. పని అయ్యాక ముప్పై రోజుల్లోపు అతను కౌన్సిల్‌కి తెలియజెయ్యాలి, మీకు బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్ పోస్టులో వస్తుంది. ఇల్లు అమ్మేటప్పుడు లాయరు మొదట అడిగే కాగితాల్లో అదొకటి. దాంతోపాటు బెంచ్‌మార్క్ అనే, బాయిలర్ సరిగ్గా పెట్టినట్టు రాసే రికార్డు నింపి ఇవ్వమనండి, అది లేకపోతే వారంటీ దగ్గర పేచీ వస్తుంది.

నవంబరు లోపు చెయ్యాలంటే ఇప్పుడే తేదీ పట్టుకోండి, అక్టోబరు మధ్య నుంచి మాకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. పొద్దున్న బకెట్ అంకె, మధ్యాహ్నం అంకె, ఎన్ని బాత్‌రూములు, ఎలాంటి షవర్, సిలిండర్ కప్‌బోర్డు తలుపు తీసి ఒక ఫొటో, మీటరు దగ్గర ఒక ఫొటో ఇక్కడే పెట్టండి. అవి చూశాక కాంబియా, సిలిండరా అన్నది ఖచ్చితంగా చెబుతాను. కన్నం మాత్రం ఈ రాత్రే చూడండి.